రిజిస్టరులో లేని గడి

పదకొండేళ్లుగా నా ఉద్యోగం నీటి ఎత్తు రాయడం.
కాశీనగర్ వంతెన స్తంభానికి
నలుపూ తెలుపూ గీతల కొలబద్ద.
పొద్దున్న ఎనిమిదింటికి ఒకసారి,
వానలు ముదిరితే గంటగంటకీ.
ఇన్ని మీటర్లు, ఇన్ని సెంటీమీటర్లు.
వ్యాఖ్యలు: ఏమీ లేవు.

వంశధార నాకు అంకెలుగానే తెలుసు.

జ్యేష్ఠంలో, ఏరు ఒక పక్కకి ఒత్తిగిలి
మిగతా మంచమంతా ఇసకకి వదిలేసినప్పుడు
గుమ్మా కొండల మీంచి దిగింది రెబికా రైకా.
ఆటో నిండా వెదురు బొంగులు,
గోనెలో అడుగు లేని కుండలు,
మెడలో చెవులకి పెట్టుకునే యంత్రం.

"ఎవుల పెళ్లికమ్మా ఈ వాయిద్యాలు?"
"ఏరే వాయిస్తాది బాబూ."
"మరి నువ్వేటి సేస్తావు?"
కాసేపు ఆలోచించింది.
"చోటు సేస్తాను."

నవ్వాను. తర్వాత ఆమె
బిందె సంగతి ఎత్తింది:
కుళాయి కింద బిందె నిండుతుంటే
వంటింట్లోంచే తెలుస్తుంది కదా,
బొడబొడ సన్నబడి సన్నబడి
మెడ దాకా వచ్చిందని?
చూడక్కర్లేదు కదా?
పదకొండేళ్లు నేను వంగి, టార్చి వేసి, చూశాను.

పాత రిజిస్టర్లు అడిగింది.
వరద నష్టం లెక్కలకి తప్ప
నా అంకెలు అడిగినవాళ్లు లేరు.
చెదలు తిన్న పేజీలు విదిలించి ఇచ్చాను.
ఒక్కో అంకె దగ్గర ఒక్కో బొంగు కట్టాం,
అడుగు తెరిచి, నెత్తిన చిన్న బెజ్జంతో.
ఆషాఢం మొదటి నీరు తాకేచోట లావుది,
పుష్కలంగా పారే శ్రావణానికి మూడు,
అన్నిటికన్నా పైన
నిచ్చెన ఆఖరి మెట్టెక్కి కట్టింది మాత్రం
తిత్లీ రాత్రి వణుకుతూ నేను రాసిన అంకె.
అది కడుతూ రెబికా అంది,
"ఇది మోగకూడదు."

ఎర్రనీళ్లు వచ్చిన సాయంత్రం
వంతెన మీద జనం.
రైసుమిల్లు దండాసి బెల్టు జారిన చప్పుడన్నాడు.
వంకాయల బుట్ట దించకుండానే ఒకామె
పాణి కాందుచి అంది, నీళ్లేడుస్తున్నాయట.
కాదు, గురక, అన్నాడు ఆమె మొగుడు.
నాకు వినపడింది మా తాత
పొగాకు నమిలి గొంతు సవరించుకోవడం;
ఎవరికీ చెప్పలేదు.
రెబికా ఏమీ అనలేదు.
రాయికి ఆనుకుని కూర్చుని
ఏరు తప్పు వాయించిన చోటల్లా
తల ఊపింది.

భాద్రపదంలో ఒక రాత్రి కరెంటు పోయింది.
టార్చిలో బ్యాటరీ లేదు.
కొండల్లో ఎక్కడో పడ్డ వాన
కిందికి దిగుతోంది.
వైర్‌లెస్‌లో అడుగుతున్నారు: "మట్టం ఎంత? మట్టం ఎంత?"
గది గుమ్మంలో నిల్చుని కళ్లు మూసుకున్నాను,
చీకట్లో కళ్లు మూసుకోవడం ఎందుకో తెలీదు.
లావుది మునిగి మూగబోయింది.
శ్రావణపు మూడింట్లో రెండు లేవు,
మూడోది కీచుమంటూ పైకి, పైపైకి.
చెప్పేశాను అంకె.
తెల్లారాక చూస్తే రెండు సెంటీమీటర్లే తేడా.

కానీ ఆ రాత్రంతా నేను విన్నది
మోగినవాటిని కాదు.
నెత్తిమీది ఆ ఒక్కదాన్ని.
నిశ్శబ్దాన్ని అంత గట్టిగా
ఎన్నడూ వినలేదు.

గడులన్నీ నింపి, వ్యాఖ్యల్లో రాశాను:
మూడో బొంగు గొంతు బొంగురుపోయింది.
పర్లాకిమిడి నుంచి వచ్చిన సారు
ఎర్రసిరాతో కొట్టేసి
నా ముఖంలోకి చూశాడు, జ్వరమేమో అన్నట్టు.

నీరు తీసేక రెబికా వచ్చింది.
సగం బొంగులు ఏ హీరమండలానికి పోయాయో.
"పాడైపోనాదమ్మా నీ పని" అన్నాను.
"తన వంతు తను పట్టుకుపోయింది" అని
తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

పైదాన్ని విప్పుదామని నిచ్చెనెక్కాను.
దాని అడుగున, నున్నగా, గట్టిగా
ఏటి మట్టితో ఎర్రటి మూత.
కందిరీగ ఎప్పుడు కట్టిందో!
ఆ రాత్రి నీరు అక్కడిదాకా వచ్చినా
అది మోగేది కాదు.

కిందికి చెప్పలేదు.
చెవి ఆనించాను.
లోపల ఏదో కదులుతోంది.