రూపాయి బిళ్ళ

చెప్పులు గుమ్మం బయటే విప్పించేరు.
కాళ్ళు కడుక్కుని రమ్మన్నారు.
ముప్పయ్యేళ్ళు సిమెంటు కలుపు తొక్కిన కాళ్ళివి,
కడుక్కునే వచ్చేను బిసాయి బాబూ.
నేను నేలని చూడ్డానికొచ్చేను,
నా కాళ్ళని చూస్తే ఎలాగ?

పర్లాకిమిడిలో మేస్త్రీలు లేక కాదు నన్ను పిలిచింది.
మేస్త్రీ పని మేస్త్రీ చూస్తే
అయితే పగ, కాకుంటే మొహమాటం.
దాలమ్మకి ఆ రెండూ లేవు, చెవులున్నాయి
అన్నారట ఎవరో.

ముందు పడుకున్నాను.
నవ్వకండి.
చెంప నేలకానించి, కిటికీ వెలుతురుకి ఎదురుగా చూస్తే
నిలబడితే కనపడని అంచులన్నీ నీడలేస్తాయి.
పలక గోరుమందం లేచినా పొద్దు పట్టించేస్తుంది.
హాలంతా ఒక్క నీడ లేదు,
గుమ్మం దగ్గర తప్ప.

గీతలు చూసేను.
నాలుగు మూలలు కలిసిన చోటల్లా కూడిక గుర్తు, తిన్నగా.
గోడే వంకర.
(పాత గోడ. ఎవరు కట్టేరో తెలుసు, చెప్పను.)
ఆ వంకరంతా బీరువా వచ్చే వైపుకి తోసి
కోసిన సన్నముక్కలన్నీ అక్కడ సర్దేడు గుంటడు.
అది మోసం కాదు బాబూ,
అదే పని.

స్నానాల గదిలో చెంబుడు నీళ్ళు పోసేను.
నీళ్ళు కాసేపు ఆలోచించుకుని
తూము వైపే నడిచేయి.
మూలన ఒక్క చారెడు మాత్రం
అలిగిన ఆడబిడ్డలాగ ఆగిపోయింది.
కాలితో తోసేను. వెళ్ళింది.

అప్పుడు కొంగుముడి విప్పి బిళ్ళ తీసేను.
టక్.
టక్.
టక్.
నిండుకుండ తొణకదంటారు,
నిండిన పలకా అంతే,
పనున్న మనిషిలాగ పొట్టిగా జవాబిస్తుంది.
డొల్లది మాత్రం
డొబ్బుమని, లోపల ఎవరో మసులుతున్నట్టు
కాసేపు మాటాడుతుంది.

ఏడు డొల్లలు. సుద్దతో సున్నాలు చుట్టేను.
బిసాయి బాబు లెక్కపెట్టుకున్నారు,
వేళ్ళ మీద కాదు, రూపాయల్లో.
"ఏటిరా జునేషూ, ఇప్పుడేటంటావు?"
సెరంగో వైపు కొండల్నించి దిగిన సవర గుంటడు
ఒడియాలోనూ అనలేదు, తెలుగులోనూ అనలేదు.
గోరు కింద ఎండిన గ్రౌటు గీకుతూ నిలబడ్డాడు.

చెయ్యి తప్పయితే సున్నాలు చెదిరి ఉంటాయి.
ఇవి గుమ్మం నుంచి మెట్ల కిందకి
ఒకటే వరస, సన్నటి దారి.
"బాబూ, స్కూటరెక్కడ పెడతారు?"
"లోపలే. బయట దొంగలు."
"ఎప్పట్నించి?"
ఆయన చెప్పలేదు, వంటగదిలోంచి ఆవిడ చెప్పింది:
"పలకలేసిన సాయంత్రమే.
వద్దండీ, పచ్చిదండీ అని దణ్ణం కూడా పెట్టేడా కుర్రాడు."

ఆరు సున్నాలు స్కూటరువి.
ఏడోది కిటికీ కింద, దారికి దూరంగా.
"ఇది నీదే, జునేషూ."
తలూపేడు. ఉలి తెచ్చి తనే లేపేడు.
కింద దువ్విన గీతలు దువ్వినట్టే ఉన్నాయి,
ఒక్కటీ నలగలేదు.
"కలుపు గట్టిపడిపోయింది. ఆరోజు చివరి పలక అది."

ఆ చివరి పలక నాకు తెలుసు.
గుణుపురం బేంకులో మూడో కౌంటరు ముందు
మా మేస్త్రీ చేతికి అలాంటి కలుపే అందించేను,
పొద్దు పోయిందని, బస్సు పోతుందని.
పదహారేళ్ళయ్యింది. పగలలేదు.
పింఛను కోసం వెళ్ళిన ప్రతిసారీ
దాన్ని దాటుకునే వెళ్తాను.
వెనకాలవాళ్ళు మడి అనుకుంటారు.

"మొత్తం కూలి ఇచ్చేయండి బాబూ," అన్నాను,
"ఆ ఒక్క పలక మళ్ళీ వేసేక."
ఆయన మొహం రసమట్టంలో బుడగలాగ
ఇటూ అటూ కదిలి
మధ్యకి రాకుండానే ఆగింది.

బయట చెప్పుల్లో కాలు పెడుతుంటే
లోపల్నించి టక్, టక్.
నా బిళ్ళ నా కొంగులోనే ఉంది.
గుంటడు, ఎవరూ అడక్కుండానే,
మిగతా గదులు తట్టుకుంటున్నాడు.