లైన్లోనే ఉన్నా

అరండల్‌పేట ఎనిమిదో లైన్లో
జిరాక్సు షాపు మీద నా ఇంగ్లీషు క్లాసు.
ఈ ఊళ్లో వీధులకి పేర్లు తక్కువ, అంకెలెక్కువ.
"బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు" అంటే చాలు,
ఆటో అతను స్కేలు పెట్టి గీసినట్టు తీసుకెళ్లి దించుతాడు.

ఏడింటి బ్యాచ్‌కి ఆరుగురు.
బోర్డు మీద రెండే మాటలు రాశాను:
ఎడమన లైను, కుడిన పాయింటు.
డిక్షనరీ ముయ్యండి,
మీరు రోజూ వాడే అర్థాలే చెప్పండి అన్నాను.

మిర్చి యార్డు గుమాస్తా సుభానీ అందుకున్నాడు:
కాటా ముందు టిక్కీల లైను,
తేమ ఒక్క పాయింటు ఎక్కితే రేటులో కోత.
నర్సింగు చదివే హేమలత:
"నరం దొరక్కపోతే లైను పడదు మేడమ్,
పిల్లలకైతే మరీ కష్టం."
వెనక బెంచీలోంచి ఎవరో "లైనెయ్యడం" అని గొణిగితే
అందరూ నవ్వారు. తప్పేం కాదు, రాశాను.
టీ పాయింటు, చెరుకురసం పాయింటు, చికెన్ పాయింటు.
"మరి మేడమ్ చెప్పేది?"
"పరీక్షలో వస్తే అదీ పాయింటే."

చిన్నప్పుడు లెక్కల మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది.
చుక్కకి పొడుగు లేదు, వెడల్పు లేదు,
ఉండటం ఒక్కటే దాని పని.
అలాంటివి లెక్కలేనన్ని ఆనుకుని నిలబడితే గీత.
మా అమ్మ మెలికల ముగ్గు ఈ మాట ఒప్పుకోదు.
అందులో గీత చుక్కని తాకనే తాకదు,
ఇంట్లో అలిగి కూచున్న మనిషి చుట్టూ తిరిగినట్టు
తిరిగి, తిరిగి, తప్పుకుపోతుంది.

"ఏసుపాదం గారూ, మీరేమీ చెప్పలేదు."

ఖాకీ చొక్కా. కుడి చెయ్యి ఎప్పుడూ జేబులోనే.
"మాకు లైనంటే పదకొండు కేవీ మేడమ్.
తెనాలి రోడ్డులో, గాలివాన రాత్రి.
నేను స్తంభం మీద. ఫోను చెవికీ భుజానికీ మధ్య.
సబ్‌స్టేషన్లో కొత్త కుర్రాడు.
'లైన్లో ఉన్నావా అన్నా' అన్నాడు.
ఆ వెనక ఇంకో మాటేదో అన్నాడు, గాలి మింగేసింది.
'లైన్లోనే ఉన్నా' అన్నా.
నేను చెప్పింది స్తంభం సంగతి.
వాడు విన్నది ఫోను సంగతి.
ఇద్దరం అబద్ధం ఆడలేదు."

జేబులోంచి చెయ్యి తీశాడు.
అరచేతిలో రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ.
"ఇది లోపలికెళ్లిన పాయింటు."
చెప్పు విడిచి మడమ చూపించాడు.
"ఇది బయటికొచ్చింది. డాక్టరుగారు అలాగే రాశారు.
మధ్యలో గీత నేనే."

కింద జిరాక్సు మిషను
ఎవరివో సర్టిఫికెట్లు ఒకటే లాగుతోంది.
హేమలత తల దించుకుని
పెన్ను క్యాపు పెడుతోంది, తీస్తోంది.

"ఎంక్వయిరీలో 'పాయింటుకి రావయ్యా' అని
మూడుసార్లు విసుక్కున్నారు.
నేను పాయింటు దగ్గరే ఉన్నా మేడమ్.
కుర్రాణ్ణి తీసేశారు.
రిపోర్టు రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు.
ఆ మాట పదకొండు చోట్లుంది, వేలు పెట్టి లెక్కేశా.
ఏది ఏ లైనో తెలియాలి.
తెలిస్తే, వాడి తప్పు లేదని
వాళ్ల భాషలోనే రాసిస్తా."

చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
ఎడమ వరస కింద రాయాలో, కుడి వరస కిందో
తేలక
అతని పేరు మాత్రం రెండిటి మధ్యా రాశాను.
బోర్డు తుడవలేదు.

తాళం వేసి మెట్లు దిగుతుంటే ఫోను.
అవతల మా ఆయన,
సిగ్నలు సరిగా లేదు:
"హలో... లైన్లో ఉన్నావా?"

నోట్లోకొచ్చిన మాట మింగి చెప్పాను:
"చివరి మెట్టు దిగాను. రెండు కాళ్లూ నేల మీదున్నాయి."

"అదేం జవాబు?
వచ్చేప్పుడు పెరుగు ప్యాకెట్టు తే."