చెమట ఆరనీ

ఆగు, ఆ ప్లగ్గు ముట్టుకోకు.
బయట మైనస్ ముప్పై రెండు.
దలన్‌జదగద్ నుంచి రాత్రంతా బస్సు టాపు మీద
గొర్రెతోళ్ళ మూటల మధ్య వచ్చింది నీ డెక్కు.
ఇప్పుడిప్పుడే గది వేడి సోకి
ఒళ్ళంతా చెమట పడుతోంది, చూడు,
గాజుమూత మీద వేలితో నీ పేరు రాయొచ్చు.
పైన ఎంత తడుందో లోపలా అంతే.
ఇప్పుడు కరెంటిస్తే
టేపు జలగలా చక్రానికి చుట్టుకుంటుంది.

నాలుగు గంటలు.
కావాలని జాప్యం చెయ్యడం లేదు నర్మందాఖ్,
ఒకప్పుడు ఇదే తొందరలో
ఒక పెళ్ళి మొత్తం నమిలించాను మెషీన్ చేత.
ఆ పెళ్ళికొడుక్కి ఇప్పుడు మనవలు.
అయినా నారన్‌తూల్ బజార్లో నేనెదురైతే
పక్క వరసలోకి మళ్ళిపోతాడు.

కూర్చో. ఉప్పేసిన పాలటీ ఉంది, తాగు.
కప్పు మాత్రం దాని నెత్తిన పెట్టకు.
ఆ సన్నటి చీలికలు దాని ముక్కుపుటాలు.
మీ అన్న వాటి మీద లేసుగుడ్డ పరిచి
పైన ప్లాస్టిక్ పూలు పెట్టాడన్నావు కదా,
ఊపిరాడక ఉడికిపోయింది పాపం.

*

వైరు గోడకి లేదని రెండుసార్లు చూశాను.
మూడోసారి నువ్వు చూడు.
పీకేశాక కూడా ఈ లావుపాటి కెపాసిటర్లు
కాసేపు కోపం కడుపులో దాచుకుంటాయి.
మా గురువుగారి బొటనవేలు సగం తెల్లగా ఉండేది.
ఎందుకని మేమెవరం అడగలేదు.

ఇదిగో బెల్టు.
ఒకప్పుడు రబ్బరు, ఇప్పుడు బెల్లం పాకం.
హెడ్డు మీద ఈ గోధుమరంగు పొర
ఎన్ని టేపులు రాసుకుపోతే పేరుకుందో!
పుల్లకి దూది, దూదికి స్పిరిట్,
పసిబిడ్డ చెవి తుడిచినంత మెల్లగా.
రబ్బరు చక్రానికి స్పిరిట్ వద్దు, పగుళ్ళిస్తుంది,
తడిగుడ్డ చాలు.
అయస్కాంతం అంటిన స్క్రూడ్రైవర్ ఇక్కడికి రానివ్వకు,
వచ్చిందా, ఇక ప్రతి గొంతు వెనకా
గోబీ గాలి బుసకొడుతూనే ఉంటుంది.

ఏదీ, క్యాసెట్టు ఇటివ్వు.
పొయ్యి పక్కనా పెట్టావు!
సరే, పెన్సిలుతో వదులు బిగించు.
ఇదేమిటి,
వెనక ఈ చిన్న రెక్కలు ఇంకా విరవలేదా?
ఇన్నేళ్ళలో ఏ పిల్లాడి వేలో
ఎర్ర బటన్ మీద పడుంటే?
నువ్వే విరువు.
టప్.
అంతే. ఇక ఆమె మీద ఎవరూ మాట్లాడలేరు.

*

"పదమూడో తారీకు. ఉదయం ఎనిమిది.
మైనస్ ఇరవై తొమ్మిది. వాయవ్యం గాలి."

వాతావరణ కేంద్రంలో పనిచేసేదన్నావు,
మగమనిషి గొంతులా ఉందేమిటి?
మోటారు నెమ్మదించింది, ఉండు.
కరెంటున్నప్పుడు ఒక చెయ్యి వీపు వెనకే ఉండాలి,
రెండోదానితో ఈ బెజ్జంలో స్క్రూ తిప్పుతాను.
చెప్పు, మీ అమ్మ ఎక్కడుంది?
ఇక్కడా?
ఇంకాస్త పైకా?
ఇదా?

ఏడవకు.
ఇరవై ఆరేళ్ళు. గొంతు గుర్తులేకపోవడం నేరం కాదు.

మళ్ళీ వెనక్కి తిప్పు.
మాటలు వదిలెయ్, మాటల వెనక విను.
గోడ గడియారం.
సెకనుకో టిక్కు, దానికి మరుపు లేదు.
నా వాచీ పట్టుకో, నిమిషం చూడు,
నేను లెక్కపెడతాను.
యాభై రెండు.
మళ్ళీ. యాభై ఏడు.
ఇంకొక్క వెంట్రుకవాసి.
అరవై.

"వాయవ్యం గాలి. మేఘాలు లేవు."

వాల్యూమ్ పెంచకు,
వినిపిస్తూనే ఉంది కదా.

*

డబ్బులా? బెల్టుకి ఇవ్వు.
గడియారం నాది కాదు.

ఈ కంబళి చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళు,
ఈసారి బస్సు టాపు మీద వద్దు.
గుమ్మం దాటగానే పెట్టాలనిపిస్తుంది,
పెట్టకు.
దాన్ని బల్ల మీద ఉంచి
నువ్వూ దాని పక్కనే కూర్చో.
చెమట ఆరనీ.