ఉప్పందిన రాత్రి

వూచ్ నగరంలో, పాత నూలు మిల్లు నాలుగో అంతస్తులో
మనుషుల్ని తుడవడం నా ఉద్యోగం.

ఎవరో ఎక్కడినుంచో ఫోన్ చేస్తారు.
యంత్రం గొంతు మార్చి ఇస్తుంది,
ఆడా మగా కాని గొంతు,
బావిలోంచి మాట్లాడినట్టు.
విని, రాసి,
రాసినదాంట్లోంచి మనిషిని తీసేస్తాను.

పని నేర్పిన లెషెక్ అనేవాడు:
పేరు తీస్తే చాలదు, ఊతపదం తియ్యి.
దగ్గు తియ్యి.
‘మా షిఫ్టు’ ఉంటే ‘ఒక షిఫ్టు’ చెయ్యి.
చేపలోంచి ముల్లు లాగినట్టు,
కండ చెదరకూడదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, నంబరు నాలుగు వందల పదిహేడు.
గ్దీన్యా, ఓడల యార్డు.
వెనకాల గాలి, గొలుసుల చప్పుడు.
“అతుకులకి ఎక్స్‌రే తీసేది మేమే” అంది గొంతు.
ఆ ‘మేమే’ అప్పుడే కొట్టేశాను.

“పదకొండు అతుకులు, పదకొండు ఫిల్ములు.
అన్నింట్లోనూ ఒకే బుడగ,
ఎడమ అంచు దగ్గర, గసగసాల గింజంత.
ఒక్క అతుకు తీసి పదకొండుసార్లు పెట్టారు.
మిగతా పదీ ఎవరూ చూడలేదు.
ఓడ మేలో నీళ్ళలోకి దిగుతుంది.
మూడు వందలమంది నిద్రపోతారు అందులో.”

కాసేపాగి,
“ఆ బుడగని పట్టే కళ్ళు యార్డులో మూడే జతలు.
ఒకరు ఆస్పత్రిలో.
ఒకరు, దాన్ని పదకొండు చేసినవాడు.”

ఆ తీసివేత నాకూ వచ్చు.

బుడగ ఉంచితే మనిషి దొరుకుతుంది.
బుడగ తీస్తే
‘నాణ్యతపై కొన్ని సందేహాలు’ మిగులుతాయి,
దాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టుకుంటారు.

ఫిర్యాదు చేసినవారికి పూర్తి రక్షణ అని
యార్డు వకీలు సంతకం పెట్టిన కాగితం మా ఫైల్లో ఉంది.
ఉద్యోగం తియ్యరు, జీతం కొయ్యరు.
నిజమే. పొమ్మనరు.
పొగబెడతారు.
మంచు కురిసే నెలల్లో బయటి షెడ్డుకి మారుస్తారు.
భోజనాల దగ్గర పక్క కుర్చీ ఖాళీ అవుతుంది.
ఒకరోజు లాకరు తెరిస్తే గుప్పెడు ఉప్పు,
తిన్నావుగా, అని.
వేరే నంబర్ల గొంతుల్లో ఇవన్నీ విన్నాను.
చట్టంలో పొగకి నిర్వచనం ఉంది;
పొగని సంచిలో పట్టి
కోర్టు బల్ల మీద పెట్టినవాళ్ళు మాత్రం నాకింకా కనపడలేదు.

రేపు ఇదే వేళకి చెయ్యండి, జవాబు ఉంటుంది అన్నాను.
జవాబు కావలసింది నాకు.

చేసింది.
బుడగ ఉంచనా, తీయనా?
అలా అడగడం నా పని కాదు.
చాలాసేపు గాలి.
తర్వాత,
“మా అమ్మ చేపలు ఉప్పులో వేసే కార్ఖానాలో చేసేది.
వేళ్ళు తెగిన రోజు కూడా తొట్టిలో చేతులు పెట్టేది.
మండుతుంది, అంతేగా, అనేది.”

నియమం ప్రకారం ఆ మూడు వాక్యాలూ కొట్టేశాను.
బుడగ ఉంచాను,
ఎడమ అంచు, గసగసాల గింజ, పదకొండుసార్లు.
పంపగానే తెర మీద ఆకుపచ్చ అక్షరాలు:
మీ గోప్యత మాకు ముఖ్యం.

మే వెళ్ళిపోయింది. ఓడ ఇంకా రేవులోనే ఉందట.
ఎందుకో పేపర్లో రాయలేదు.
నాలుగు వందల పదిహేడు మళ్ళీ మోగలేదు.
మోగకపోవడం మంచికో చెడుకో
నింపడానికి మా ఫారంలో గడి లేదు.

ఒకావిడ తెగిన చేతులు ఉప్పులో పెట్టేదని మాత్రం తెలుసు.
అది ఏ కాగితంలోనూ లేదు.
కొట్టేసింది నేనే.