తలకిందులు తెలియని రెక్క

నేమునాస్ నది ఒడ్డున రేకుల షెడ్డులో
ఆ చలికాలమంతా జిగురు వాసన.
రింగౌదాస్ కాగితం మీద గీసినదాన్ని
నేను రెక్కగా చెక్కుకొచ్చాను.
పైన ఎంత వంపో కిందా అంతే వంపు.
"మామూలు రెక్కకి ఆకాశమంటే పక్షపాతం," అనేవాడు,
"దీనికి ఉండకూడదు.
వెల్లకిలా, బోర్లా, రెండూ దీనికి ఒకటే పడక."

భుజాల దగ్గర ఎత్తలేదు రెక్కల్ని,
రొట్టెల పీటలా బల్లపరుపుగా ఉంచాం.
నేర్చుకునేవాళ్ల విమానాన్ని వదిలేస్తే
తనంతట తాను సర్దుకుంటుంది.
ఆ మంచి గుణాన్ని దీన్నుంచి
పనిగట్టుకుని తీసేశాం.
ఎక్కడ వదిలితే అక్కడే.
వాలితే వాలినట్టే.

టాంకులో ఒక మెత్తని గొట్టం, దాని కొసన ఇత్తడి గుండు.
విమానం తిరగబడి పెట్రోలు ఎటు పరిగెడితే
గుండు అటే దొర్లుతుంది,
చీకట్లో పాలకి తడుముకునే పసినోరులా.

ప్రతిదీ తూచేవాడు రింగౌదాస్.
నేను వేసిన రంగు నాతోనే గీకించాడు
నూట నలభై గ్రాముల కోసం.
రెక్క మీద ఇసుక బస్తాలు పేర్చిన రోజు
పదో రెట్టు బరువు దగ్గర టిక్కుమని చప్పుడు.
అందరం బిగుసుకుపోయాం.
విరిగింది రెక్క కాదు,
వంగి చూస్తున్న ఆయన మోకాలు పలికింది.

నడిపేది వైదిలూతే, కౌనస్‌లో పళ్ల డాక్టరు.
శనివారాలు వచ్చేది, చేతుల్లో లవంగనూనె వాసనతో.
ఎక్కే ముందు గడ్డిలో కళ్లు మూసుకుని నడిచేది:
అరచెయ్యి విమానం, మడమ మీద పావు చుట్టు,
తల వెనక్కి, మెడ పక్కకి.
తెలియనివాడు చూస్తే పూనకమనుకుంటాడు.
అది ఎక్కాల పుస్తకం.

పోటీ రోజు పొలం నాలుగు మూలలా తెల్లగుడ్డలు పరిచారు.
వాటి మీద వెయ్యి మీటర్ల గది,
గోడలు లేవు, దాటితే మాత్రం మార్కులు పోతాయి.
మడత కుర్చీల్లో జడ్జీలు మెడలు వాల్చి కూర్చున్నారు.
స్తంభం మీద కొంగ ఒక్కటే
పైకి చూడలేదు.

నిలువునా లేచింది.
రెక్క కొసన కట్టిన కడ్డీల త్రికోణాన్ని
దిగంతానికి ఆనించి, గీత గీసినట్టు.
పైన వేగమంతా ఖర్చయిపోయి
ఒక్క క్షణం బొంగరం చివరి ఊపులా నిలబడి
ఎడమకాలు తొక్కగానే మొహం తిప్పుకుని నేలకేసి.
కింద లాగేటప్పుడు
యాభై రెండు కిలోల మనిషి
తొమ్మిది బంగాళాదుంప బస్తాలైంది.
ఆ బరువులోనే మూలిగి, రక్తాన్ని తలలో బిగపట్టి,
చీటీలో తరువాతి గీత చదివింది.

ఆరో విన్యాసం.
నిలువు దారిలో పావు దొర్లు ఎడమకి పోవాలి.
కుడికి పోయింది.
ఎంత నిఖార్సుగా పోయిందో!
కత్తితో వెన్న కోసినట్టు దొర్లి, కోణం మీద ఆగి,
నది వైపు ముగియాల్సింది
అడవి వైపు ముగిసింది.
జడ్జీ పక్కనున్న పిల్ల
పెన్సిల్‌తో గుండ్రంగా సున్నా చుట్టింది.

దిగాక ఏడవలేదు. బెల్టుల ఒరుపుకి
భుజాలు కమిలి, కళ్లలో ఎర్రజీర.
రెక్క మీద చెయ్యి వేసి అంది:
"దీనికేం తెలుసు పాపం. అడిగిందే ఇచ్చింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
కడుపు కింద నల్లచారలు వేశాం,
కిందనుంచి చూసేవాళ్లకి ఏది పైనో తెలియాలని.
లోపల కూర్చున్నామెకి ఏమీ వెయ్యలేదు.
రెక్కలోంచి తీసేసిన పక్షపాతాలన్నీ
ఎక్కడికి పోతాయి?
ఆమె నెత్తిమీదే పెట్టాం.

తెల్లారి ఎవరూ రాకముందే
అద్దం చట్రానికి ఎడమవైపున
వేలెడంత ఎర్ర టేపు అతికించాను.
రింగౌదాస్ వచ్చాడు, చూశాడు,
గోటితో ఒకసారి గీరి చూశాడు.
ఊడదీస్తాడనే అనుకున్నాను.
జేబులోంచి బరువుల పుస్తకం తీసి
కింద రాసుకున్నాడు:
ఎరుపు, ఎడమ, రెండు గ్రాములు.