కొయ్య గిన్నె

మా గుడారాల్లో టీ తాగరు,
టీతో కూర్చుంటారు.
గిన్నె సగం కాకముందే మళ్ళీ అంచుదాకా నింపడం
ఇంటావిడ పని.
వద్దు వద్దంటూనే చెయ్యి అడ్డం పెట్టకపోవడం
వచ్చినవాడి మర్యాద.
ఖాళీ గిన్నె కనిపించిందా,
ఆ పొయ్యికే తలవంపులు.

ఛోఫెల్ వచ్చిన రోజుకు నాకు ఏడేళ్ళు.
పిడకలు ఎగదోసి తోలుతిత్తి నొక్కడం నా వంతు.
ఆ యేడు ఉప్పు సరస్సుకు నలుగురు వెళ్ళారు,
గొర్రెల వీపుల మీద చిన్న చిన్న సంచులు కట్టుకుని.
తెర ఎత్తి, వంగి, ఒక్కడే లోపలికొచ్చాడు.
కుక్క మొరగలేదు. తెలిసినవాడే మరి.

యూడొన్ పెద్దమ్మ ఏమీ అడగలేదు.
దూరం నడిచొచ్చినవాణ్ణి టీకి ముందు అడగరు.
ఇటుకలా గట్టిపడ్డ టీ ముద్దలోంచి ఓ పెళ్ళ విరిచి
నల్లబడేదాకా మరిగించింది.
చిలికే గొట్టంలోకి వొంపి
వెన్న వేసింది, ఉప్పు వేసింది,
చొల్లక్, చొల్లక్...
ఆ చప్పుడు ఉన్నంతసేపూ
ఎవరూ మాట్లాడక్కర్లేదు.

పైన తేలే వెన్నను ఊది పక్కకు జరిపి
ఒక గుక్క తాగాడు.
నింపింది.
మంచు తొందరగా పడిందన్నాడు.
ఒక గుక్క. నింపింది.
ఏ కనుమలో దారి తెగిందో చెప్పాడు,
రెండు గొర్రెలు కాళ్ళు విరుచుకున్న సంగతి చెప్పాడు,
వాటి పేర్లు కూడా చెప్పాడు.
ఒక గుక్క. నింపింది.
మనిషి పేరు మాత్రం
గొంతులోనే వెన్నలా గడ్డకట్టింది.

చివరికి అంగీ మడతలో చెయ్యి పెట్టి
ఇంకో గిన్నె తీశాడు.
చెట్టు బొడిపెను తొలిచి చేసింది,
అంచు దగ్గర పగులు, పగులుకు వెండి అతుకు.
నాకు తెలుసు ఆ గిన్నె.
దాహమేసి ఒకసారి మూతి పెట్టానని
దొన్యో పెదనాన్న నా చెవి మెలేశాడు.
మా వాళ్ళు గుర్రాన్ని అరువిస్తారు, తుపాకీ అరువిస్తారు.
గిన్నెను ఇవ్వరు.

పెద్దమ్మ రెండు చేతులా అందుకుంది.
అడుగున ఎండిన పేలపిండి చార.
గోటితో గీకబోయి
ఆగి
అలాగే ఉండనిచ్చింది.

లేచి గొట్టం దగ్గరికెళ్ళింది.
ఉప్పు వేసింది.
ఇందాకే వేశావు కదా అని నేను నోరు తెరవబోయాను.
ఛోఫెల్ నావైపు చూశాడు.
మూసుకున్నాను.
చొల్లక్, చొల్లక్,
ఎప్పటికన్నా చాలాసేపు.
ముందు అతనికి పోసింది,
తర్వాత వెండి అతుకు గిన్నెలో,
పొర్లి చాప తడిసేదాకా.

ఆ ఉప్పు కషాయాన్ని
మొహం చిట్లించకుండా తాగాడు ఛోఫెల్.
నింపింది. తాగాడు.
"బాగుంది అక్కా" అన్నాడు.
చీకటి పడినా లేవలేదు.

ఇప్పుడు పట్నంలో ఉంటున్నాను.
మిక్సీలో అరనిమిషం తిప్పితే అయిపోతుంది.
మీ ఇంట్లో టీకి ఉప్పెక్కువ, అంటుంది పక్కింటి పాల్కిత్.
చెంచాతో కొలిచే వేస్తాను, ఒక్కసారే.

ఎవరైనా వచ్చి, కూర్చుని,
దారుల గురించీ మంచు గురించీ
అదే పనిగా చెబుతుంటే మాత్రం
ఫ్లాస్కు మూత తిప్పుతాను.
వాళ్ళ గిన్నె ఇంకా నిండుగానే ఉంటుంది.
అయినా పోస్తాను.