పెట్టెలో ఉన్నది

మొదటి రోజే నూట ఇరవై తొమ్మిది గొర్రెలు
స్వీనోయ్ దీవి కొండ దిగి సామల్ దొడ్డిలో చేరాయి.
తోర్స్‌హావ్న్‌లో, రెండో అంతస్తు కిటికీ పక్కన కూర్చుని
నేనే దింపాను వాటిని.

ఫోన్‌లో నవ్వాడాయన, దగ్గూ నవ్వూ ఒకటై:
"నా ఇరవై ఒకటికే గడ్డి చాలదు రన్‌వా,
మిగతావి మీ ఆఫీసుకి తోలమంటావా?"

పొద్దున పన్నెండు. సాయంత్రం తొమ్మిది.
కలపమన్నాను. కలిపింది.
పన్నెండు పక్కకి తొమ్మిదిని తెచ్చి
ఫొటోకి నిలబెట్టినట్టు నిలబెట్టింది.
దాని తప్పేం లేదు.
పెట్టెలో ఏం రాసినా అక్షరాలుగానే చేతికొస్తుంది,
అంకె అయినా సరే.
ఇది లెక్క అని చెప్పాల్సింది నేను.

ఆ రాత్రే చెప్పాను.
పెట్టె రకం మార్చాను: ఇక్కడ అంకెలే.
ఏమీ రాకపోతే సున్నా అనుకో అని
ఇంకో వాక్యం, నిద్రమత్తులో.

అక్టోబరు మధ్యలో గాలివాన.
మూడు రోజులు పడవ లేదు.
నాలుగో రోజు జాబితాలో
సామల్ దొడ్డి: సున్నా.

చేతులు చల్లబడి ఫోన్ చేశాను.
"రాశానే," అన్నాడు. "ఇదిగో, కనిపిస్తూనే ఉంది."
ఏమని రాశారు?
"తెల్ల నుదురుది తప్ప అన్నీ."

ఆయన పాత కంప్యూటర్
ఆ మాటల్ని లోపలికి రానిచ్చింది,
ఆయనకి చూపిస్తూనే ఉంది.
విలువేమిటని నేనడిగితే మాత్రం
ఏమీ లేదంది.
ఆ ఏమీ లేకపోవడాన్ని
సున్నా చేసింది నేను.

ఇరవై అని రాస్తే సరిపోయేది కదా, అన్నాను.
కాసేపు గాలి చప్పుడే వినిపించింది.
"ఇరవై అంటే
మొదట్నించీ ఇరవయ్యే అనుకుంటారు."

సున్నా వాక్యం కొట్టేశాను.
అంకెల పెట్టె కింద ఇంకో పెట్టె పెట్టాను,
వెడల్పుగా, ఏ రకమూ అడగనిది.
పై అధికారి హెయిని ఎందుకన్నాడు.
గొర్రెల కోసం అన్నాను.

పదకొండు రోజులకి వచ్చింది:
పైన ఇరవై.
కింద,
"నిన్న దిగింది. కుంటుతోంది.
అప్పుడే లెక్కలో వేయకు,
ఇంకా కొండవైపే చూస్తోంది."

అటూ ఇటూ ఖాళీల్ని కత్తిరించే వాక్యం ఒకటి
అందరూ రాసేదే, నాకూ అలవాటే.
ఈ ఒక్క పెట్టెకి రాయలేదు.
చివర్న ఆయన వేలు
మూడుసార్లు ఖాళీ నొక్కి ఆగింది.
అవీ ఉన్నాయి.